పౌడరు పూసిన గొర్రెపిల్ల

నల్లగొండలో పిల్లలకు వేషాలు కిరాయికిచ్చే షాపాయన నా ముందు ఒక చారల గౌను, నార గడ్డం, గొడుగు పిడిలా వంకర తిరిగిన కర్ర పెట్టాడు. మా చిన్నోడికి ఈసారి స్కూల్లో క్రిస్మస్ నాటకంలో గొర్రెలకాపరి వేషం వచ్చింది. "ఇంకోటి కూడా ఉంది సార్" అని షాపాయన లోపలికి వెళ్ళి దూదితో చేసిన గొర్రెపిల్లను తెచ్చాడు. మెడకు గులాబీరంగు రిబ్బను, కళ్ళకు రెండు గుండీలు. దాన్ని చేతిలోకి తీసుకోగానే నాకు నవ్వాగలేదు. మా పెద్దమ్మ ఉంటే ఏమనేదో పక్కన నిలబడి అన్నట్టే వినిపించింది.

"గిది గొర్రెనారా, దిండా? తల కింద వెట్టుకొని పండుకుందామా?"

షాపాయనకు నా నవ్వు అంతు పట్టలేదు. వేషం వద్దని, ఊళ్ళో మా ఇంట్లో గొర్రెబొచ్చు గొంగడి ఉందని చెప్పాను. "గొంగడి బాగుండదు సార్, స్టేజి మీద అందరూ ఇదే వేస్తారు" అన్నాడు. అందరూ అదే వేస్తారు కాబట్టే మాకు వద్దు. గొర్రెలకాపరి ఎట్లా ఉంటాడో మాకు ఇంకొకరు చెప్పాలా? మా తాతలనాటి నుంచి మంద ఉన్న ఇల్లు మాది. మా బాపు ఒక్కడే మందను అన్నకు అప్పజెప్పి నల్లగొండ వచ్చి ఎలక్ట్రికల్ షాపు పెట్టాడు. ఆ అన్న మా పెద్దబాపు. ఆయన భార్యే పెద్దమ్మ.

నిరుటి వానాకాలంలో పోయింది. తిరుమలగిరి అవతల ఊళ్ళో పుట్టి, ఆ పక్క ఊళ్ళోనే కోడలై, అక్కడే ముసలిదైంది. ఆమె కథ ఇంతే అంటే ఇంతే. కానీ ఆమె గురించి చెప్పడం మొదలుపెడితే మా ఇంట్లో అన్నం చల్లారిపోతుంది.

ముందు గొంతు గురించి చెప్పాలి. గుట్ట మీద ఉన్న మందను గుట్ట కింద నిలబడి పిలిచే గొంతు అది. ఫోన్లో కూడా అంతే. మేమంతా ఏదో గుట్ట అవతల ఉన్నట్టే మాట్లాడేది. ఆమె ఫోను వచ్చిందంటే షాపులో ఉన్న గిరాకీ కూడా మా ఇంటి సంగతులు వినాల్సిందే. "కొడుకా, నీ పెండ్లాం కడుపునొప్పి తగ్గిందా?" అని ఒకసారి అరిస్తే, ఫ్యాను కొనడానికొచ్చిన పెద్దమనిషి డబ్బులిచ్చేటప్పుడు వాము నమలమని సలహా చెప్పి వెళ్ళాడు.

రెండోది సోకు. పెద్దమ్మకు పౌడరంటే ప్రాణం. గోడ గూట్లో దీపం పక్కన గంధం వాసన పౌడరు డబ్బా ఉండేది. ఊరు దాటుతుందంటే మెడకు, మొహానికి, రెండు చేతులకు దట్టంగా పూసుకునేది. నల్లటి మెడ మీద తెల్లటి పౌడరు ముగ్గేసినట్టు కనిపించేది. మేం నవ్వితే "మీరు తెల్లగున్నరు, మీకు అక్కెర లేదు, నడువుండ్రి" అనేది. ఆ పౌడరు వెనుక ఒక సంగతి ఉంది. మా పెళ్ళిలో పెద్దమ్మ ముందువరుసలో కూర్చుంటే పక్కనున్న ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, లేచి వెళ్ళి ఇంకో కుర్చీలో కూర్చుంది. గొర్రెల వాసనట. పెద్దమ్మ అప్పుడు నవ్వేసింది. "జాగా ఎక్కువైంది, మంచిగ కాళ్ళు జాపుకుంట" అంది. ఆ తర్వాతి వారమే తిరుమలగిరి సంతలో పౌడరు డబ్బా కొన్నది. ఈ సంగతి నాకు చెప్పింది పెద్దబాపు. ఆమె నోటితో ఎన్నడూ చెప్పలేదు.

మూడోది, మా ఇంటిల్లిపాదికీ నోటికొచ్చిన ఆమె మాట. సాగర్ డ్యాము చూడ్డానికి రమ్మన్నా, యాదగిరిగుట్టకు రమ్మన్నా, సినిమాకు రమ్మన్నా ఒకటే జవాబు: "నేనొస్తే మంద కాడ ఎవలుంటరు?" పెద్దబాపు ఉంటాడు కదా అంటే, "ఆయన ఉంటడు, గని ఆయన కాడ ఎవలుంటరు?" అనేది. ఒకసారి జ్వరం ముదిరితే బలవంతంగా దవాఖానకు తీసుకెళ్ళాం. డాక్టరు రెండు రోజులు ఉండమంటే ఆయనను కూడా అదే అడిగింది. పాపం ఆయన మందంటే తాను రాసిన మందులనుకుని, నర్సు చూసుకుంటుందన్నాడు. మేం పిల్లలకు కూడా నేర్పేశాం. చెత్తబుట్ట బయట పెట్టమంటే మా బిడ్డ శ్రావ్య నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నేను పోతే మంద కాడ ఎవలుంటరు?" అని టీవీ ముందు నుంచి కదిలేది కాదు.

డిసెంబరు వస్తే మాకు ఒకవైపు ఊపిరాడదు, ఇంకోవైపు కాళ్ళు నిలవవు. షాపు నిండా కాగితపు నక్షత్రాలు, సీరియల్ బల్బులు. క్రిస్మస్‌కు ముందు అమ్మేది అవే. పెద్దమ్మ ఒకసారి షాపులో వేలాడుతున్న నక్షత్రాన్ని చూసి, "చుక్కకు వైరేందిర? గుంజితే ఊడొచ్చేటట్టున్నది" అంది. పిల్లలు చదివేది మిషన్ స్కూల్లో. క్రిస్మస్ మాది కాకపోయినా సెలవులు మావే. సెలవులివ్వగానే షాపు మా తమ్ముడికి అప్పజెప్పి, వ్యాన్లో మా పిల్లలనూ తమ్ముడి పిల్లలనూ దుప్పట్లనూ వేసుకుని ఊరికి పోయేవాళ్ళం.

సెలవులంటే పెద్దమ్మ దృష్టిలో పని లేకపోవడం కాదు, వేరే పని. పొద్దున మంచు కరగకముందే దుప్పట్లు గుంజేది. "సారూ, లేవుండ్రి. మేడం, లేవుండ్రి. బడి లేదు గని ఆకలైతె ఉన్నది గద?" అనేది. పిల్లలను ఆమె పేరుతో పిలిచింది తక్కువ, సారూ మేడం అనే పిలిచేది. ముఖాలు కడిగించి చేనుకు తోలేది. కందికాయలు, అనపకాయలు తెంపుకొస్తే పెద్ద కుండలో ఉప్పేసి ఉడకబెట్టేది. వాకిట్లో గుండ్రంగా కూర్చుని వొలుచుకు తినడమే పొద్దుటి టిఫిను. వానాకాలంలో ఇంటి వెనుక పాతిపెట్టిన తాటిగింజలు డిసెంబరుకు మొలకలేసి ఉండేవి. పెద్దబాపు గడ్డపారతో పెకిలిస్తే పిల్లలు గేగుల కోసం కొట్టుకునేవారు. గింజను పగలగొడితే లోపల తెల్లగా, మెత్తగా, తియ్యగా ఉండే బుర్రగుంజు మాత్రం ఎవరు ఎక్కువ పని చేస్తే వారికే. ఎవరెక్కువ చేశారో తేల్చేది పెద్దమ్మ. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

కానీ పిల్లలు ఎదురుచూసేది సాయంత్రం కోసం. పొద్దుటి నుంచి తల్లిగొర్రెలు పెద్దబాపుతో మేతకు పోతే, పాలు తాగే గొర్రెపిల్లలన్నీ ఇంటి దగ్గర తడికెల దొడ్డిలో పెద్దమ్మ దగ్గర ఉండేవి. పొద్దు గూకే వేళ మంద ఊరి పొలిమేర దాటగానే దొడ్డిలో పిల్లలు అరవడం మొదలుపెట్టేవి. అక్కడి నుంచి తల్లులు అరిచేవి. ఆ గోలలో మనిషి మాట మనిషికి వినిపించదు. పెద్దమ్మ తడిక తీసి పక్కకు జరిగేది. తెల్లవీ నల్లవీ కలగాపులగంగా పరుగెత్తి, మందలో దూరి, ఒక్కొక్కటీ ఒక్కో పొదుగు కింద ఆగేది. అంతవరకు ఉన్న గోల ఒక్కసారి ఆగిపోయి, పాలు తాగే చప్పుడు మిగిలేది. మా షాపులో కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా నాకంత హాయిగా ఉండదు.

"అవ్వా, అన్ని ఒక్కతీరుగనే ఉన్నయి గదా, వాళ్ళమ్మ ఎవరో ఎట్ల తెలుస్తది?" అని శ్రావ్య అడిగింది. అప్పుడది ఒకటో తరగతి.

"మొకం జూసి గాదు బిడ్డా, వాసన జూసి. తల్లి పిల్ల తోక కాడ మూతి వెట్టి సూస్తది. నాదే అనుకుంటె పాలిస్తది, కాదనుకుంటె తంతది" అంది పెద్దమ్మ.

ఇంత తెలిసిన మనిషి ఏం చేసిందో ఇక చెప్పాలి.

ఆ సంవత్సరం శ్రావ్యకు నాటకంలో గొర్రెలకాపరి వేషం వచ్చింది. అదే రోజు ఫోన్లో అవ్వకు కథ చెప్పింది. స్పీకరు పెట్టకపోయినా మాకందరికీ వినిపిస్తూనే ఉంది.

"కాపర్లు మంద కాడ ఉంటరవ్వా. అప్పుడు దేవదూత వచ్చి చిన్న దేవుడు పుట్టిండని చెప్తది. అప్పుడు కాపర్లందరు చూడనీకి పోతరు."

"అందరా?"

"అందరు."

"మరి మంద కాడ ఎవలుంటరు?"

శ్రావ్య నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"టీచరు చెప్పలేదవ్వా."

"అడుగు. నక్కలుంటయి, కుక్కలుంటయి. దేవుడు పుట్టిండంటె పోవాలె, నేను గాదంటలేను. గని ఒక్కలన్న ఉండాలె గద బిడ్డా. సరె గని, గొర్రెపిల్ల ఉంటదా నాటకంల?"

"అట్టతోని చేస్తరంట."

అవతల పెద్దమ్మ గొంతు ఇంకో మెట్టు పైకెక్కింది.

"ఇంటి నిండ గొర్లు వెట్టుకొని నువ్వు అట్ట గొర్రెను వట్టుకొని నిలవడ్తవా? మన ఇజ్జత్ ఏం గావాలె? నేనొస్తున్న."

సాగరుకు రాని మనిషి, గుట్టకు రాని మనిషి, నాటకం రోజు మొదటి బస్సెక్కింది. చంకన సంచి, సంచిలోంచి బయటికి తల పెట్టిన తెల్లటి గొర్రెపిల్ల. పుట్టి పదిరోజులు కూడా కాలేదు. సీసాలో తల్లిపాలు పిండుకుని, రబ్బరు పీక తగిలించి తెచ్చింది. సాయంత్రానికల్లా తల్లి దగ్గరికి చేర్చాలని పెద్దబాపుతో ఒప్పందం. నార్కట్‌పల్లిలో బస్సు మారినప్పుడు కండక్టరు సంచి వైపు చూశాడట. ఆ సంభాషణను పెద్దమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, చెప్పినప్పుడల్లా రెండు గొంతులూ తనే ఎట్లా పలికిందో మాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

"సంచిల ఏందవ్వా?"

"మా మనుమరాలి దోస్తు."

"దోస్తుకు టికెటుంటది."

"పాలు తాగే పిల్లకు టికెటేందయ్యా? మీ ఇంట్ల పసిపిల్లలు లేరా?"

బస్సంతా నవ్విందట. టికెట్టయితే కొట్టలేదు.

ఇంటికొచ్చాక గొర్రెపిల్లను వాకిట్లో నిలబెట్టి చుట్టూ తిరిగి చూసింది. సంచిలో వచ్చింది కదా, కొంచెం మురికైంది. కొంచెం వాసన కూడా ఉంది. గొర్రెపిల్లకు గొర్రె వాసన ఉండక ఏముంటుంది? కానీ పెద్దమ్మ మొహంలో ఏదో మారింది. కొంగు సవరించుకుంది.

"పెద్ద పెద్దోళ్ళొస్తరు గదా ఆడికి?" అని అడిగింది.

"పిల్లల అమ్మానాన్నలొస్తారు, పెద్దత్తా" అంది నా భార్య.

"మన పిల్ల నలుగుట్ల నిలవడేది. ఎవలన్న ముక్కు మూసుకుంటె ఎట్ల? నీళ్ళు కాగవెట్టు బిడ్డా."

మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. సరదాగా అందరం చెయ్యి వేశాం. వేణ్ణీళ్ళు, గంధం సబ్బు, పాత తువ్వాలు. నా భార్య ఎండలో ఆరబెట్టింది. శ్రావ్య దువ్వింది. పెద్దమ్మ తన సంచిలోంచి పౌడరు డబ్బా తీసి, ఆ పిల్లకు వీపు మీద, కడుపు కింద, తోక దాకా చల్లి చేత్తో రుద్దింది. చివరికి దిష్టి తగలకుండా నుదుట కాటుకచుక్క పెట్టింది. దాన్ని చూస్తే ఎత్తుకుని ముద్దాడాలనిపించేటట్టు తయారైంది.

నాటకంలో నాది నక్షత్రం పని. స్టేజి పక్కన స్విచ్చుబోర్డు దగ్గర నిలబడి, కాపర్లు కదలగానే నక్షత్రం వెలిగించాలి. తెర లేచింది. గొంగడి కప్పుకుని, గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని మా బిడ్డ కూర్చుంది. మిగతా కాపర్లకు చారల గౌన్లు, నార గడ్డాలు. మెరుపుకాగితం రెక్కల దేవదూత వచ్చి శుభవార్త చెప్పింది. కాపర్లు లేచారు, నడిచారు. శ్రావ్య కూర్చునే ఉంది.

"శ్రావ్యా, గో, గో" అని తెర చాటు నుంచి టీచరు చెయ్యి ఊపింది.

"నేను పోను మిస్. మంద కాడ ఎవలుంటరు?"

తలపైన మైకు వేలాడుతోంది. హాలంతా మారుమోగింది. అప్పుడు మూడో వరుసలోంచి గుట్ట అవతలి గొంతు లేచింది.

"సాబాష్ బిడ్డా! కూసో గాడనే! కదలకు!"

హాలు విరగబడి నవ్వింది. నవ్వులో నేను నక్షత్రం వెలిగించడం మర్చిపోయాను. కాపర్లు చీకట్లోనే దారి వెతుక్కుని పశువులపాక చేరుకున్నారు. ఆ టీచరమ్మ మంచిది, మా బిడ్డను బలవంతపెట్టలేదు. చివరి దాకా అందరూ ఉయ్యాల చుట్టూ నిలబడితే, మా బిడ్డ స్టేజి మూలన గొర్రెపిల్లతో కూర్చుని కాపలా కాసింది. నాకైతే ఆ నాటకం మొత్తంలో అసలైన కాపరి ఒక్కతే కనిపించింది.

అయిపోయాక అమ్మలంతా మా చుట్టూ మూగారు. పట్టుచీర కట్టుకున్న ఒకామె గొర్రెపిల్లను ఒళ్ళోకి తీసుకుని చెంప ఆనించి, "అబ్బ, ఎంత మంచి వాసనొస్తుందో!" అంది. పెద్దమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సూసినవార? ఒక్కలన్న ముక్కు మూసుకున్నరా?"

ఆ మాట ఆమె మెల్లగా అంది. అంత మెల్లగా మాట్లాడగలదని నాకు అప్పుడే తెలిసింది.

సెలవులు మొదలయ్యాయి కాబట్టి అందరం వ్యాన్లో ఊరికి బయలుదేరాం. చేరేసరికి మంద ఇంటికొచ్చింది. మిగతా పిల్లలన్నీ తల్లుల కింద సర్దుకున్నాయి. పెద్దమ్మ మన నటిని దించి తల్లి ముందు నిలబెట్టింది. తల్లి ముందుకొచ్చి తోక దగ్గర మూతి పెట్టి చూసింది. వెనక్కి తగ్గింది. మళ్ళీ చూసింది. తల వంచి ఒక్క గుద్దు గుద్దింది. గొర్రెపిల్ల బొక్కబోర్లా పడింది. లేచి మళ్ళీ పొదుగు వైపు వెళ్ళింది. ఇంకో గుద్దు.

అన్నీ నిశ్శబ్దంగా పాలు తాగుతున్న చోట ఒక్క పిల్ల మాత్రం అరుస్తూ ఉంది. పెద్దమ్మ కింద కూర్చుని దాన్ని ఒళ్ళోకి తీసుకుని, తనే వాసన చూసింది. మొహం వాడిపోయింది.

"దానికేమైందవ్వా?" అని శ్రావ్య ఏడుపు గొంతుతో అడిగింది.

"దానికేం గాలే. నాకైంది. నా సోకు దాని పానం మీదికొచ్చింది."

సీసాపాల మీద బతికించలేమా అని అడిగాను. బతికినవి ఉన్నాయి గానీ చచ్చినవే ఎక్కువంది. ఇంకా కడుపు గట్టిపడని పిల్ల, తల్లిపాలు పడకపోతే చలికాలం దాటదంది. ఆ తల్లి సర్కారు సబ్సిడీ మీద ఆంధ్ర నుంచి వచ్చిన గొర్రె. "నీ పౌడరు మా సర్కారు గొర్రెకు నచ్చలే" అని పెద్దబాపు నవ్వించాలని చూశాడు. మామూలుగా అయితే పెద్దమ్మ ఆయనను తగులుకునేది. ఆ రోజు పిల్లను కొంగులో చుట్టుకుని కూర్చుంది.

ఆ డిసెంబరు సెలవులన్నీ మాకు అదే పని. సాగరు పోదామని వేసుకున్న ప్లాను పిల్లలే వద్దన్నారు. వేణ్ణీళ్ళతో కడిగితే గంధం వాసన ఇంకా ఎక్కువైనట్టనిపించింది. తల్లిపాలు పిండి పిల్ల ఒళ్ళంతా రుద్దాం. దొడ్డిలోని గడ్డి, ఎరువు తెచ్చి అందులో పొర్లించాం. తల్లి నాకుతుందేమోనని వీపు మీద ఉప్పు చల్లాం. ఉప్పు నాకింది, పిల్లను తన్నింది. పెద్దబాపు తల్లిని మెడ పట్టి ఆపితే, పెద్దమ్మ కాలు పట్టుకుంటే, శ్రావ్య పిల్ల మూతిని పొదుగుకు అందించేది. అట్లా తాగిన నాలుగు గుక్కల మీదే అది బతుకుతోంది. వదిలేస్తే మళ్ళీ గుద్దే. కందికాయలు చేన్లోనే ముదిరిపోతున్నా ఎవరూ అటు పోలేదు. గోడ గూట్లో దీపం పక్కన పౌడరు డబ్బా లేదు. ఎక్కడుందని నేనడగలేదు.

ఒక పొద్దున పెద్దమ్మ కర్రోడిని పిలిచింది. కర్రోడంటే మంద వెంట తిరిగే నల్లకుక్క. గొర్రెపిల్ల మీద పన్ను చూపించకూడదని దానికి పసితనం నుంచి నేర్పింది ఆమే. చిన్న దొడ్డిలో తల్లిని కట్టు విప్పి వదిలింది. ఒక మూలన శ్రావ్యను, దాని కాళ్ళ దగ్గర గొర్రెపిల్లను ఉంచింది. కుక్క మెడకు తాడేసి పెద్దబాపు చేతికిచ్చింది.

"ఉస్కో! ఉస్కో!" అని గొర్రెపిల్ల వైపు చెయ్యి చూపించింది.

కర్రోడు ఆమె మొహంలోకి చూసి తోక ముడిచి కూర్చున్నాడు. తప్పు చేయమంటున్నది తనకు నేర్పిన మనిషేనంటే వాడికి నమ్మశక్యం కాలేదు. పెద్దమ్మ కాలు నేలకేసి కొట్టి, కర్ర ఊపి, గుట్టలు అదిరేటట్టు అరిచింది. ఆ గొంతుకు వాడు బెదిరి లేచి మొరిగాడు. గొర్రెపిల్ల శ్రావ్య కాళ్ళ మధ్య దూరి అరిచింది.

తల్లి తలెత్తింది. ముందుకాలు నేలకేసి కొట్టింది. కర్రోడు మళ్ళీ మొరిగాడు. తల్లి ఒక్క పరుగున వచ్చి కుక్కకూ పిల్లకూ మధ్య నిలబడి, తల వంచి కొమ్ముల్లేని నెత్తిని కుక్కకు చూపించింది. పెద్దబాపు తాడు గుంజుకుని కుక్కను బయటికి తీసుకెళ్ళాడు. తల్లి కాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి పిల్ల తోక దగ్గర మూతి పెట్టింది. పిల్ల పొదుగు కిందికి దూరింది. తల్లి కాలెత్తలేదు, తల వంచలేదు. పిల్ల తోక గబగబా ఊగడం మొదలైంది.

పెద్దమ్మ తడికెకు ఆనుకుని ఏడ్చింది. ఆమె ఏడుపు కూడా ఆమె మాటలాగానే ఊరంతా వినిపించింది. పక్కింటివాళ్ళు ఎవరు పోయారోనని పరుగెత్తుకొచ్చారు.

"ఎవలు వోలేదు, బతికింది!" అని అరిచింది వాళ్ళ మీద.

ఆ తర్వాత పెద్దమ్మ ఒంటి మీద పౌడరు చూడలేదు. పౌడరు పూసుకున్న పసిపిల్ల ఎవరైనా ఎదురుపడితే చాలు, గడ్డం పట్టుకుని, "ఓ పిల్లా, గిట్ల పోతే మీ అమ్మ గుర్తు వడ్తదా?" అని ఆటపట్టించేది. నార్కట్‌పల్లిలో మా చుట్టాల పెళ్ళికి వచ్చినప్పుడు మళ్ళీ ముందువరుసలోనే కూర్చుంది. పక్కనామె కొంచెం కదలగానే తనే అందుకుంది. "గొర్ల వాసనమ్మా. మాకు మంద ఉన్నది. బాగున్నయి గొర్లన్ని" అంది, ఆమె అడిగినట్టే. ఆమె ఎటూ పోలేక కూర్చుంది, భోజనాల వేళకు ఇద్దరూ గొర్రెల ఈతల గురించి మాట్లాడుకునేదాకా వచ్చారు. నేను చాలామంది పెద్దవాళ్ళను చూశాను కానీ, ఒక కుర్చీలో అంత ధీమాగా కూర్చున్న మనిషిని చూడలేదు.

ఆమె పోయినరోజు మేం వెళ్ళేసరికి స్నానం చేయించి, కొత్తచీర కట్టి, గంధం పూసి పడుకోబెట్టారు. చుట్టూ అగరొత్తులు. కాళ్ళకు మొక్కడానికి వంగితే పెద్దమ్మ వాసన లేదు. అక్కడే నాకు దుఃఖం ఆగలేదు. అప్పటిదాకా బాగానే ఉన్నాను.

షాపాయన దగ్గర వేషం తీసుకోకుండా వచ్చాక, ఊరికి పోయి పెద్దబాపునడిగి పెద్దమ్మ గొంగడి తెచ్చాను. ఆమె పోయినప్పటి నుంచి అది దండెం మీదే ఉందట. ఆయన దాన్ని మడిచి ఇస్తూ, "స్టేజి మీద మూలకు కూసోమను పోరన్ని" అని మాత్రం అన్నాడు. ఇంటికి తెచ్చి నా భార్యకిచ్చాను. ఆమె దులిపి చూసి, వాకిట్లో బకెట్టు పెట్టి నీళ్ళు పట్టి, సబ్బుపొడి డబ్బా తెచ్చింది. శ్రావ్య ఇప్పుడు ఎనిమిదో తరగతి. గడపలో కూర్చుని చదువుకుంటున్నది తలెత్తింది.

"ఉతుకుతవా అమ్మా?"

"ఉతకకపోతే ఎట్లనే? గొర్ల వాసన కొడుతుంది. స్టేజి మీద పిల్లలు వీడి పక్కన నిలబడతారా?"

అంతలో చిన్నోడు ఆటల నుంచి చెమటతో లోపలికొచ్చాడు. అవ్వ పోయేనాటికి వాడింకా బడిలో చేరలేదు. ఆమె మొహం కూడా వాడికి గుర్తుండదనే నేననుకున్నాను. మెట్ల మీద మడతపెట్టి ఉన్న గొంగడి పక్క నుంచి పరుగెత్తబోయి ఆగాడు. వెనక్కి వచ్చి, రెండు చేతులతో గొంగడి పట్టుకుని మొహం అందులో పెట్టాడు. తలెత్తి ఇంట్లోకి తొంగిచూశాడు.

"అవ్వొచ్చిందా?"

నా భార్య చేతిలో సబ్బుపొడి డబ్బా అట్లాగే ఉండిపోయింది. శ్రావ్య లేచి వచ్చి ఆ డబ్బా మెల్లగా తీసుకుని మూత పెట్టింది.

"గుర్తు పట్టిండమ్మా" అంది. "ఉతకకు."